పేరుకే ఫ్యామిలీ కారు

ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మధ్యతరగతి ఇళ్ళ ముందు ఈ మధ్య వరసగా నిలబడుతున్న ఎత్తు కార్లని చూసినప్పుడల్లా నాకు ఆ సామెతే గుర్తొస్తుంది. అవన్నీ "ఫ్యామిలీ కార్లు" అట. పేపర్లో ప్రకటన అలాగే ఉంటుంది. షోరూంలో కుర్రాడు అలాగే చెబుతాడు. లోను కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ఇంట్లో మగవాళ్ళూ అదే అంటారు, "ఇదంతా మీకోసమే కదా!" అని.

మనకోసమే అయితే మనల్ని ఒక్క మాట అడిగారా? ఇవాళ నా గొడవంతా దీని మీదే.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను కార్లకి శత్రువుని కాను. మా ఇంట్లో మూడు వరసల సీట్లున్న మధ్యరకం ఎస్‌యూవీ ఉంది. డీజిలు బండి, మూడేళ్ళు దాటింది. పిల్లల్ని బడికి దింపడం, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, మార్కెట్టు, గుడి, బ్యాంకు, అన్నిటికీ దాన్ని తోలేది నేనే. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఇది ఒక కంపెనీ తప్పు కాదు. ఈ రకం బండి ఏది కొన్నా మన కథ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కాబట్టి ఇది ద్రాక్షపళ్ళు అందని నక్క చెప్పే మాట కాదు. రోజూ ఎక్కి దిగుతున్న మనిషి మాట.

షోరూంలో ఏం జరుగుతుందో మీ అందరికీ తెలిసే ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాడు మా ఆయనకి ఇంజను గురించీ, టార్కు గురించీ, నేలకీ బండికీ మధ్య ఎంత ఎత్తుందో ఆ లెక్క గురించీ అరగంట చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, మీకు ఏ కలర్ ఇష్టం?" అన్నాడు. ఇంజను ఆయనకి, రంగు నాకు! పిల్లల్ని చూసి పైకప్పు అద్దం తెరిచి చూపించాడు. మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆవిడ ఆ బండి ఎక్కగలరా లేదా అని ఒక్కరూ చూడలేదు.

ఎవరి అవసరమో తేలాలంటే రోజులు లెక్కపెట్టాలి. మా బండి ఏడాదిలో ఒకసారి తిరుపతి, ఒకసారి శ్రీశైలం, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ నాలుగైదు ఊళ్ళు వెళ్తుంది. అన్నీ కలిపితే పదిహేను రోజులు. మిగతా మూడు వందల యాభై రోజులూ గుంటూరు వీధుల్లోనే తిరుగుతుంది. బ్రాడీపేట లైన్లలో, అరండల్‌పేట రద్దీలో, బడి గేటు ముందు. షోరూంలో మాట్లాడిందంతా ఆ పదిహేను రోజుల గురించే. మూడు వందల యాభై రోజుల గురించి ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే ఆ రోజులు మనవి.

మంచి లేదనడం లేదు. ఉన్న మంచిని ఉన్నట్టు చెప్పుకోవాలి.

మొదటిది, దిగడం. పాత చిన్న కారులో కూర్చోవడమంటే గోతిలోకి దిగినట్టు, లేవడమంటే బావిలోంచి పైకి వచ్చినట్టు ఉండేది. మోకాళ్ళు అరిగిన మా అత్తగారికి తలుపు పట్టుకుని ఇద్దరం లేపితే తప్ప బయటికి రావడం అయ్యేది కాదు. ఈ బండిలో సీటు ఎత్తు మీద ఉంటుంది కాబట్టి ఆవిడ కాళ్ళు బయటపెట్టి జారితే చాలు, నేల అందుతుంది. మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లో ఇది చిన్న సుఖం కాదు.

రెండోది, వాన. గంట వాన పడితే మన వీధులు కాలవలవుతాయి. స్పీడు బ్రేకర్లంటారా, ఒక్కోటి ఒక్కో గట్టు. చిన్న కారైతే పొట్ట నేలకి రాసుకుంటూ పోయేది. దీనికి ఆ బాధ లేదు. ఎత్తు మీద కూర్చుంటాం కాబట్టి ముందు ఆటో ఏం చేయబోతోందో నాలుగు బండ్ల అవతలి నుంచే తెలుస్తుంది. మూడోది, సామాను. మూడో వరస మడిచేస్తే రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, ఊరి నుంచి పంపిన కొబ్బరికాయలు, అన్నీ ఒక్క విడతలో వచ్చేస్తాయి. వెనక వరసకి విడిగా ఏసీ గాలి రావడం కూడా మే నెలలో ఎంత వరమో గుంటూరు ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

చూశారా, నేను మెచ్చుకున్నవేవీ గొప్పకి సంబంధించినవి కావు. మోకాళ్ళు, వాననీళ్ళు, బియ్యం బస్తాలు, గాలి. ఇవి చెప్పి అమ్మినా మనం కొనేవాళ్ళమే. కానీ అమ్మేది "రోడ్డు మీద మీ హోదా" అని. హోదా కోసం తయారైన వస్తువులో సుఖం ఎక్కడైనా దొరికితే అది మన అదృష్టం, దొరకకపోతే మన ఖర్మ. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

చీర సంగతే తీసుకోండి. ఈ బండ్లకి తలుపు కింద నల్లటి అంచు ఒకటి వెడల్పుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వానాకాలంలో బురదంతా చేరేది దాని మీదే. దిగేటప్పుడు కాలు దాన్ని దాటించుకుని కింద పెట్టాలి, కుచ్చిళ్ళు మాత్రం దాన్ని తుడుచుకుంటూ వస్తాయి. పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వెళ్ళి, మంటపం ముందు దిగేసరికి అంచు మీద బారెడు మరక. ఎక్కడానికి పట్టుకుందామంటే సీటు పక్క స్తంభం దగ్గర పిడి ఉండదు. పైన ఉండే పిడి అయిదడుగుల మనిషికి అందేసరికి భుజం నొప్పి పుడుతుంది. "మెట్టు పెట్టించుకోండి మేడమ్, యాక్సెసరీ" అంటారు. అంటే మనిషి ఎక్కడానికి కావలసిన మెట్టుకి విడిగా డబ్బు కట్టాలి, ఆకాశం చూసే అద్దం మాత్రం బండితోపాటే వస్తుంది! మా అమ్మమ్మగారి ఊళ్ళో గూడుబండి కట్టినప్పుడు ఆడవాళ్ళు ఎక్కడానికి ముందు పీట వేసేవాళ్ళు. ఎద్దుల బండి తోలేవాడికి తట్టిన సంగతి లక్షల ఖరీదు చేసే బండి తయారుచేసేవాళ్ళకి తట్టలేదు.

తట్టదు, ఎవరైనా అడిగితేనే తడుతుంది. మోటారు సైకిలు వెనక చక్రం పక్కన కడ్డీలు చూశారుగా, మనం చీర గార్డు అంటాం. వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి చోటు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే రాశారు. నియమం ఉంది కాబట్టి ప్రతి కంపెనీ పెడుతోంది. మరి కారుకి? మన పెనుకొండ దగ్గరే 2019 నుంచి కార్లు తయారై దేశమంతా వెళ్తున్నాయి. కార్లు మన గడ్డ మీద తయారవుతున్నాయి, డబ్బు మన ఇళ్ళల్లోంచి పోతోంది, చీర కట్టుకున్న మనిషి మాత్రం ఏ కంపెనీ లెక్కలోనూ లేదు.

ఇక మూడో వరస. "సెవెన్ సీటర్" అనే మాట విని పొంగిపోయి కొన్నవాళ్ళని అడుగుతున్నాను, ఆ మూడో వరసలో మీ ఇంట్లో ఎవరు కూర్చుంటున్నారు? మామగారా? బావగారా? కాదు. పిల్లలు, లేకపోతే ఆడవాళ్ళు. మా ఇంట్లో అయితే ఆడపడుచు పిల్లలిద్దరూ, వాళ్ళు ఏడిస్తే నేనూ. ముందు సీటు మడిచి, వంగి, ఒక కాలు లోపల పెట్టి, చీర ఒక చేత్తో పట్టుకుని దూరాలి. కూర్చున్నాక మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. సీటు నేలకి అంత దగ్గర. ఒంగోలు దాటేసరికి నడుము పట్టేస్తుంది. ఇంకో చిత్రమేమిటంటే, మధ్యరకం బండ్లలో మూడో వరస లేపి ఏడుగురు కూర్చుంటే వెనక మిగిలేది రెండు చిన్న సంచులు పట్టే చోటు. మనుషులు పడితే సామాను పట్టదు, సామాను పడితే మనుషులు పట్టరు. ఏడుగురు తిరుపతి వెళ్తే ఏడుగురి పెట్టెలు ఎక్కడ పెడతాం? పైన క్యారియరు కట్టించాలి, లేదా ఒకరు బస్సులో రావాలి. ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు.

పార్కింగు సంగతీ చెప్పుకోవాలి. మా అపార్ట్‌మెంట్లో ఒక్కో కారుకీ గీసిన గీత ఎనిమిదడుగుల వెడల్పు. ఈ రకం బండి వెడల్పు దాదాపు ఆరడుగులు. మిగిలింది రెండడుగులు, అంటే పక్కకి ఒక్కో అడుగు. అడుగు సందులోంచి చేతికర్ర పట్టుకున్న పెద్దావిడ ఎలా బయటికి వస్తుంది? రాదు. అందుకే ఆవిడని ముందే వీధిలో దింపాలి. వెనక ఆటోవాడు హారన్ కొడుతూ ఉంటాడు. బండి ఎత్తు ఇంకో భయం. ముందు భాగం అంత ఎత్తుగా ఉంటే దాని కింద ఏముందో డ్రైవరు సీట్లోంచి కనపడదు. మూడేళ్ళ పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. అంత పిల్ల బంతి కోసం బండి ముందుకు వచ్చి వంగితే నాకు కనిపించేది బానెట్టు మాత్రమే. నేను బండి తీసే ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూసి గానీ ఎక్కను. కెమెరా ఉంటే మంచిదే. కానీ ఆ కెమెరా ఖరీదైన రకానికే ఇస్తారు. పైకప్పు అద్దానికీ చుట్టూ చూపించే కెమెరాకీ మధ్య ఎంచుకోమంటే పిల్లలున్న ఇల్లు ఏది ఎంచుకోవాలి? మీరే చెప్పండి.

ఆ పైకప్పు అద్దం గురించి ఒక్క మాట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాని తెర తీయలేం, నెత్తి మీద పెనం పెట్టినట్టుంటుంది. మిగతా రోజుల్లో పిల్లలు అందులోంచి తల బయటపెట్టి నిలబడతామంటారు. తండ్రులు మురిసిపోయి ఫోటోలు తీస్తారు. ఒక్క బ్రేకు, ఒక్క కేబులు వైరు చాలు. వద్దని అరిచి చెడ్డదాన్నయ్యేది మాత్రం అమ్మే.

డీజిలు బండి కొన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, షోరూంలో గట్టిగా చెప్పరు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 నియమాల తర్వాత డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండిన మసిని తనంతట తనే కాల్చుకోవాలి. కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి హైవే మీద ఆగకుండా నడిస్తే వస్తుంది, బడికీ మార్కెట్టుకీ రెండేసి మూడేసి కిలోమీటర్లు తిరిగితే రాదు. మసి పేరుకుంటుంది, ఒకరోజు ఎదురుగా పసుపు దీపం వెలుగుతుంది. సర్వీసు వాళ్ళని అడిగితే, "ఊరి బయట హైవే మీద ఇరవై నిమిషాలు తోలుకురండి మేడమ్" అన్నారు. అంటే బండికి గాలి మార్పు కోసం మనం చిలకలూరిపేట రోడ్డు మీద షికారు చేయాలి! గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నట్టు, పనేమీ లేకుండా డీజిలు పోసి తిప్పాలి. ఆ పదిహేను రోజుల ప్రయాణాలకి డీజిలు గొప్పే. మూడు వందల యాభై రోజుల బడి దారికి కాదు. బండి రోజుకి ఎంత దూరం వెళ్తుందని కొనేముందు నన్ను అడిగి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

డబ్బు లెక్క చూద్దాం. పొడవు నాలుగు మీటర్లు దాటిన బండికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని బండికి 18 శాతం. అంతకు ముందు పెద్ద బండికి సెస్సుతో కలిపి 45 నుంచి 50 దాకా ఉండేది కాబట్టి "తగ్గింది, తగ్గింది" అని పండగ చేసుకున్నాం. చిన్న బండికీ పెద్ద బండికీ మధ్య ఇంకా 22 శాతం తేడా ఉందని ఎంతమందిమి చూశాం? లోను కూడా అంతే. పన్నెండు లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్ళకి తీసుకుంటే నెలకి దాదాపు 24,900 రూపాయలు. ఏడేళ్ళకి తీసుకుంటే దాదాపు 19,300. "నెలకి అయిదున్నర వేలు తగ్గిందిగా" అంటారు. చివరికి కట్టేది మాత్రం లక్షా పాతిక వేలకి పైగా ఎక్కువ. ఆ నెల నెలా వాయిదా ఎక్కడి నుంచి వస్తుంది? మన కూరగాయల సంచిలోంచి, పిల్లల ట్యూషన్లోంచి, మనం వాయిదా వేసుకునే పళ్ళ డాక్టరు ఖర్చులోంచి. ఖర్చు తగ్గించుకునేటప్పుడు మనం ఫ్యామిలీ. బండి ఎంచుకునేటప్పుడు కాదు.

ఇప్పటిదాకా చెప్పినవి ఇబ్బందులు. ఇప్పుడు చెప్పేది ప్రాణాల సంగతి.

ఈ బండ్లకి నక్షత్రాలు ఇస్తున్నారు, భారత్ ఎన్‌క్యాప్ అని. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి పని. పెద్దవాళ్ళకి వేరే, పిల్లలకి వేరే నక్షత్రాలు ఇస్తారు, రెండూ చూసి కొనండి. కానీ ఎదురుగా గుద్దించే పరీక్షలో ఎవరిని కూర్చోబెడతారో తెలుసా? ముందు సీట్లలో సగటు మగవాడి కొలతలున్న బొమ్మలు, వెనక సీట్లో ఏడాదిన్నర, మూడేళ్ళ పిల్లల బొమ్మలు. అయిదడుగుల ఆడమనిషి అందులో లేదు. ఎముకలు పెళుసెక్కిన డెబ్భై ఏళ్ళ అత్తగారు లేదు. మూడో వరసలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషి లేదు. అయిదు నక్షత్రాలు చూసి ఇంటిల్లిపాదీ క్షేమం అనుకుంటాం. ఇంటిల్లిపాదినీ లెక్కలోకి తీసుకోలేదు.

కనీసం ఉన్న రక్షణనైనా వాడుకుంటున్నామా? 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో సైరస్ మిస్త్రీ పోయారు. ఖరీదైన కారు, వెనక సీటు, బెల్టు పెట్టుకోలేదు. దేశమంతా వారం రోజులు మాట్లాడుకుని మర్చిపోయింది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోయినా చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోయినా అంతే. మన ఇళ్ళల్లో జరిగేదేమిటి? కొన్న రోజే అందమైన సీటు కవర్లు వేయిస్తారు, వెనక బెల్టు బిగించే బకిల్సు వాటి కింద శాశ్వతంగా సమాధి అయిపోతాయి. సీటు పక్క నుంచి తెరుచుకోవలసిన ఎయిర్‌బ్యాగుకీ ఆ కవరే అడ్డు. బీప్ బీప్ మని మోగకుండా ఉత్తి క్లిప్పు ఒకటి తెచ్చి గుచ్చుతారు. అలాంటి క్లిప్పుల్ని అమ్మకం నుంచి తీసేయమని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలని ఆదేశించింది. అమ్మడమే తప్పయితే, పెళ్ళాం పిల్లలు కూర్చున్న బండిలో పెట్టడం ఏమవుతుంది?

ఇక్కడ మన ఆడవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. "చీర నలిగిపోతుంది", "నల్లపూసలు గుచ్చుకుంటాయి", "పసివాడు ఒళ్ళో ఉంటేనే పడుకుంటాడు". ఇవన్నీ విన్నాను. నలిగిన చీరకి ఇస్త్రీపెట్టె ఉంది. బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదకి దించుకుని, పై పట్టీ పైట సర్దుకుని భుజం మీదుగా తెచ్చుకుంటే గుచ్చుకోదు. కడుపుతో ఉన్నవాళ్ళయితే కింది పట్టీ కడుపు కిందుగా రావాలి. ఒళ్ళో బిడ్డ మాటకొస్తే, గట్టిగా గుద్దుకున్న క్షణంలో పది కిలోల బిడ్డ కొన్ని వందల కిలోల బలంతో ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులకీ అది ఆపే శక్తి లేదు. ప్రేమతో పట్టుకోగలిగింది కాదు అది. పిల్లల సీటు బిగించడానికి ఐసోఫిక్స్ కొక్కేలు వెనక సీటు సందులో ఉంటాయి. వెతికి చూడండి, చాలా ఇళ్ళల్లో వాటిని ముట్టుకున్నవాళ్ళే లేరు.

అన్నిటికన్నా పెద్ద సంగతి తాళం.

మా కింద అంతస్తులో ఒకావిడ ఉన్నారు. వాళ్ళదీ పెద్ద బండే. ఆయన క్యాంపు వెళ్ళిన రోజు సాయంత్రం పిల్లాడు మెట్ల మీద పడి గడ్డం చీరుకుపోయింది. రక్తం ఆగడం లేదు. బండి కింద నిలబడి ఉంది, తాళం గోడకి వేలాడుతోంది, ఆవిడ పిల్లాడిని ఎత్తుకుని వీధి చివర ఆటో కోసం పరిగెత్తింది. నాలుగు కుట్లు పడ్డాయి, గండం గడిచింది. తర్వాత నేను అడిగితే, "ఆయన బండి కదండీ, నాకెందుకులే అని నేర్చుకోలేదు" అన్నారు. ఆవిడని ఏమీ అనలేకపోయాను. నేర్చుకుంటానని రెండుసార్లు అడిగారట. "ఇంత పెద్ద బండి నీకు కష్టం, గీతలు పడతాయి" అన్నారట ఆయన. గీతలు బండి మీద పడకుండా చూసుకున్నారు. పిల్లాడి గడ్డం మీద పడ్డాయి.

"పెద్ద బండి ఆడవాళ్ళకి కష్టం" అన్నది పచ్చి అబద్ధం. స్టీరింగు వేలితో తిరుగుతుంది, గేర్లు మార్చక్కర్లేని బండ్లు ఉన్నాయి, వెనక కెమెరా ఉంటుంది. గ్రైండరు ఎత్తి కడిగే చేతులకి ఇది బరువా? సీటు పైకి కిందకి జరుపుకుని, అద్దాలు మన ఎత్తుకి సర్దుకుంటే సరిపోతుంది. నిజంగా కష్టమైంది ఒక్కటే, పక్క సీట్లో కూర్చుని "చూసుకో, చూసుకో" అనే మనిషి.

కొంతమంది అక్కలు నన్ను ఇంకోలా ప్రశ్నిస్తారు: "అసలు అంత బండి ఎందుకు? చిన్న కారో ఆటోనో చాలదా?" నలుగురే ఉండి, పెద్దవాళ్ళు లేని ఇల్లయితే చాలు, నిజమే. అలాంటి ఇంట్లో చిన్న బండి కొని ఆ 22 శాతం తేడా దాచుకోవడమే తెలివి. కానీ ఏడుగురున్న ఇంటికి, మోకాళ్ళ నొప్పులున్న ఇంటికి, వాన పడితే ములిగే వీధికి ఈ బండి అవసరమే. నేను అడిగేది పెద్దదా చిన్నదా అని కాదు, ఎవరి అవసరాన్ని బట్టి తేల్చారని.

అందుకే ఈసారి మీ ఇంట్లో బండి మాట వస్తే రంగు ఎంచుకుని ఊరుకోకండి. షోరూంకి చీర కట్టుకుని వెళ్ళండి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళనీ అందరికన్నా చిన్నవాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్ళండి. పెద్దావిడని మూడుసార్లు ఎక్కించి దింపండి. మూడో వరసలో ఇంటి యజమానిని పావుగంట కూర్చోబెట్టండి, మీరు కాదు, ఆయన్ని. ఆ వరస లేపి ఉంచి మీ పెట్టెలు వెనక పెట్టి చూడండి. బానెట్టు ముందు ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, డ్రైవరు సీట్లోంచి ఎంత దూరం జరిపితే అది కనిపిస్తుందో చూడండి. ప్రతి సీటు బెల్టూ బిగించి విప్పండి. టెస్ట్ డ్రైవు బండిని మీ ఇంటికే తెమ్మని, మీ పార్కింగులో పెట్టించి, తలుపు ఎంత తెరుచుకుంటుందో చూడండి. డీజిలా పెట్రోలా అన్నది మీ బడి దారి కిలోమీటర్లు చూసి తేల్చండి. వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. చీర కొనేటప్పుడు పాతిక చీరలు తీయించి చూస్తామని మనల్ని ఎగతాళి చేస్తారు కదా, ఇన్ని లక్షల వస్తువుకి ఆ విద్య వాడకపోతే ఎందుకు?

ఇక ఇప్పటికే బండి ఉన్నవాళ్ళు ఈ వారమే రెండు పనులు చేయండి. సీటు కవర్ల కింద ఇరుక్కున్న బకిల్సు పైకి తీయించండి. డ్రైవింగు స్కూల్లో పేరు ఇచ్చి, బండితో వచ్చిన రెండో తాళం ఎక్కడుందో అడగండి. అది బీరువా లాకర్లో అట్టపెట్టెలో భద్రంగా ఉంటుంది, ఎవరికీ పనికిరాకుండా.

మా నాయనమ్మ బొడ్డున ఎప్పుడూ తాళాల గుత్తి ఉండేది. ధాన్యం కొట్టు, ఇనప్పెట్టె, వంటసామాను అలమర. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా ఆ గుత్తి కదలాలి. అది నగ కాదు, ఆవిడ అధికారం. మన తరం వచ్చేసరికి ఇళ్ళల్లోకి లక్షల ఖరీదు చేసే వస్తువొకటి వచ్చింది, దాని తాళం మాత్రం మన గుత్తిలోకి రాలేదు. వాళ్ళంతట వాళ్ళు తెచ్చి ఇస్తారని ఎదురుచూడకండి. చెయ్యి చాచి తీసుకోండి.